ఏఐ ఏజెంట్ తప్పు టూల్‌ను ఎందుకు పిలుస్తోంది, వివరణలు ఎలా రాస్తే అది సరిగ్గా పనిచేస్తుంది?

మిర్యాలగూడ నుంచి వచ్చిన ప్రశ్న సారాంశం ఇది. రైసు మిల్లుల కోసం ధాన్యం రాక, తూకం, సీఎంఆర్ (ప్రభుత్వం ఇచ్చిన ధాన్యాన్ని మరపట్టి తిరిగి అప్పగించాల్సిన బియ్యం) బాకీ, చెల్లింపులు చూసుకునే సాఫ్ట్‌వేర్‌ను ఒక చిన్న బృందం నడుపుతోంది. దానిలోని ఏపీఐలను (ఒక ప్రోగ్రాం మరో ప్రోగ్రాంతో పని చేయించుకునే దారులను) ఎంసీపీ సర్వర్ ద్వారా ఒక ఏఐ ఏజెంట్‌కు అందించారు. ఎంసీపీ అంటే ఏఐ మోడళ్లకు బయటి సాఫ్ట్‌వేర్‌ను కలిపే ప్రమాణం, ఏజెంట్ అంటే అడిగిన పనిని తానే టూళ్లను పిలిచి చేసే ఏఐ ప్రోగ్రాం, అది పిలవగల ఒక్కో పని ఒక టూల్. మిల్లు యజమాని తెలుగులో ఏదైనా అడిగితే ఏజెంట్ ఒక్కోసారి సంబంధం లేని టూల్‌ను పిలుస్తోంది, బస్తాల సంఖ్యను క్వింటాళ్లుగా తీసుకుంటోంది, పోయిన సీజను లెక్కను ఈ సీజనుదిగా చెబుతోంది. మనుషుల కోసం రాసిన యూజర్ మాన్యువల్‌నే ఏజెంట్‌కు ఇస్తే సరిపోతుందా, లేక మోడల్‌ను మార్చాలా అన్నది ప్రశ్న.

సూటిగా చెప్పాలంటే, మాన్యువల్ ఇస్తే సరిపోదు, మోడల్‌ను మార్చాల్సిన అవసరమూ ఈ లక్షణాల్లో నాకు కనిపించడం లేదు. మార్చవలసింది టూళ్ల వివరణలను. ప్రతి టూల్‌కు విడివిడిగా దాన్ని ఎప్పుడు వాడాలి, ఎప్పుడు వాడకూడదు, ఏ విలువను ఏ కొలమానంలో ఇవ్వాలి, ఏం తిరిగి వస్తుంది, పని జరగకపోతే ఏం చేయాలి అన్న విషయాలు చిన్న చిన్న వాక్యాల్లో ఉండాలి. నేను మహబూబ్‌నగర్ నుంచి వ్యవసాయ, సహకార రంగాల సాఫ్ట్‌వేర్లకు డాక్యుమెంటేషన్ రాస్తుంటాను. ఈమధ్య ఆ పనిలో ఎక్కువ భాగం ఏజెంట్ల కోసం రాయడమే అయింది కాబట్టి, ఇక్కడ చెప్పేదంతా ఆ అనుభవం నుంచి చెబుతున్నాను.

ముందు కారణం చూద్దాం. ఏజెంట్‌కు మీ స్క్రీన్లు కనిపించవు, మెనూలు కనిపించవు, కోడ్ కూడా కనిపించదు. ఓపెన్‌ఏఐ 2023 జూన్‌లో ఫంక్షన్ కాలింగ్‌ను (మోడల్ చేత టూళ్లను పిలిపించే పద్ధతిని) తెచ్చినప్పుడు గానీ, ఆంత్రోపిక్ 2024 నవంబరులో ఎంసీపీని విడుదల చేసినప్పుడు గానీ మూలంలో అమరిక ఒకటే: టూల్ పేరు, దాని వివరణ, జేసన్ స్కీమా (ఏ గడిలో ఎలాంటి విలువ రావాలో యంత్రం చదివేలా రాసిన నిర్వచనం) రూపంలో ఇన్‌పుట్ వివరాలు మోడల్ ముందుకు వస్తాయి, ఏ టూల్‌ను పిలవాలో ఆ మూడింటిని చదివే అది తేల్చుకుంటుంది. కొత్తగా చేరిన గుమాస్తాకు ఏదైనా అర్థం కాకపోతే పక్కవారిని అడుగుతాడు, పాత పుస్తకం తిరగేస్తాడు. ఏజెంట్ మాత్రం చాలాసార్లు ఆ ఖాళీని ఊహతో నింపుకొని, నింపుకున్న సంగతి చెప్పకుండానే ముందుకు సాగుతుంది. మీ మాన్యువల్‌లో "ఎడమవైపు మెనూలో రిపోర్టులు నొక్కండి" వంటి వాక్యాలు వంద ఉండవచ్చు, కానీ బస్తా ఎన్ని కిలోలో ఎక్కడా రాసి ఉండదు, ఎందుకంటే దాన్ని చదివే మనుషులకు ఆ సంగతి ముందే తెలుసు. సరిగ్గా అలా రాయకుండా వదిలేసిన చోట్లే ఏజెంట్ తప్పటడుగు వేస్తుంది.

కొలమానాలు. మీరు చెప్పిన సమస్యల్లో నేను ఎక్కువ శ్రద్ధ పెట్టేది దీని మీదనే, ఎందుకంటే తప్పు టూల్ పిలిస్తే వెంటనే తెలిసిపోతుంది గానీ, తప్పు కొలమానం మాత్రం చూడడానికి సరైన అంకెలాగానే ఉంటుంది. కొనుగోలు కేంద్రంలో ధాన్యం బస్తా అంటే 40 కిలోలు. ప్రైవేటు వ్యాపారంలో అంతకంటే పెద్ద బస్తా నడుస్తుంది. మిల్లు నుంచి సీఎంఆర్ కింద బయటికి పోయే బియ్యం బస్తా 50 కిలోలు. ఈ అన్నింటికీ మీ డేటాబేసులో "సంఖ్య" అన్న ఒకే పేరు ఉంటే, ఏజెంట్ దాన్ని క్వింటాళ్లనుకోవడంలో ఆశ్చర్యం లేదు. పారామీటర్ (టూల్‌కు ఇచ్చే విలువ) పేరులోనే కొలమానం కనిపించాలి: "ధాన్యం బరువు క్వింటాళ్లలో", "బియ్యం బస్తాలు 50 కిలోలవి" అన్నట్టుగా. పేరులో పెట్టడం కుదరకపోతే వివరణ మొదటి వాక్యంలోనైనా ఉండాలి. యజమాని బస్తాల్లో చెబితే క్వింటాళ్లలోకి మార్చే బాధ్యత ఏజెంట్‌దా, టూల్‌దా అన్నది కూడా తేల్చి రాయండి. నా అభిప్రాయంలో ఆ లెక్క టూలే చేయాలి, ఏజెంట్ బస్తాల సంఖ్యను, బస్తా రకాన్ని మాత్రం అందించాలి.

ఇంతకంటే ప్రమాదకరమైనది భూమి విస్తీర్ణం. మన తెలంగాణ పాసుపుస్తకాల్లో, పహాణీల్లో 2.20 అని రాస్తే రెండెకరాల ఇరవై గుంటలు, అంటే రెండున్నర ఎకరాలు. 40 గుంటలు ఎకరం అని మోడల్‌కు తెలిసి ఉండవచ్చు, కానీ ఈ గడిలో చుక్క తరువాత ఉన్నవి గుంటలు అని చెప్పేవారు లేకపోతే అది 2.20ను దశాంశంగానే చదువుతుంది. నాగర్‌కర్నూల్ ప్రాంతంలో ఒక సహకార సంఘం లెక్కల మీద పనిచేసినప్పుడు, ఒక రైతుకు ఉన్న రెండు 1.25 ముక్కలను ఏజెంట్ కలిపి 2.50 అని చెప్పింది. గుంటల లెక్కన అది 3.10 కావాలి. పైగా 2.50 అన్న విలువే ఎకరాలు-గుంటల పద్ధతిలో ఉండదు, ఎందుకంటే చుక్క తరువాత 39 దాటకూడదు. అక్కడ మేము చేసిన మార్పు చిన్నదే. విస్తీర్ణం అన్న ఒక్క గడిని ఎకరాలు, గుంటలు అన్న రెండు పూర్ణాంకాలుగా విడగొట్టి, గుంటలకు స్కీమాలో 0 నుంచి 39 వరకు హద్దు పెట్టించాం. పనిలో పనిగా సర్వే నంబరును టెక్స్టుగా మార్పించాం, ఎందుకంటే 12/1 అన్న సర్వే నంబరును స్ప్రెడ్‌షీట్ సులువుగా తేదీ చేసేస్తుంది. స్కీమాతో కట్టుదిట్టం చేయగలిగిన విషయాన్ని వాక్యానికి వదిలిపెట్టకూడదు. వాక్యాన్ని మోడల్ ఎప్పుడైనా పక్కన పెట్టవచ్చు. స్కీమాను సరిచూసే సర్వరు మాత్రం హద్దు దాటిన విలువను తప్పకుండా తిప్పి పంపుతుంది.

సీజను గొడవ కూడా ఇలాంటిదే. 2024-25 యాసంగి ధాన్యం కాటాకు వచ్చేది 2025 ఏప్రిల్, మే నెలల్లో, ఆ ధాన్యానికి బియ్యం అప్పగింత సీజను దాటి చాలా నెలలు నడవవచ్చు. యజమాని "ఈ ఏడాది యాసంగి" అన్నప్పుడు ఏజెంట్ తేదీని చూడాలా, సీజను గడిని చూడాలా అన్నది దానికి తెలియదు. అందుకే సీజను విలువలను జాబితాగా ఇవ్వండి: "2024-25 వానాకాలం", "2024-25 యాసంగి" అని ఏ రూపంలో రాయాలో అదే రూపంలో. ఖరీఫ్ అన్నా వానాకాలమేనని, రబీ అన్నా యాసంగేనని ఒక వాక్యం చేర్చండి. అన్నింటికంటే ముఖ్యంగా, సీజను ఇవ్వకపోతే ఏం జరుగుతుందో రాయండి. పోయిన సీజను లెక్క వస్తోందని మీరు చెప్పారు. టూల్ లోపల ఒక డిఫాల్ట్ విలువ (ఏమీ ఇవ్వనప్పుడు తానే వాడుకునేది) పాతదే ఉండిపోయి, ఆ సంగతి వివరణలో లేకపోవడం దీనికి కారణం కావచ్చు, ముందుగా అక్కడే చూడండి. నేనైతే సీజనును తప్పనిసరి చేసి, యజమాని చెప్పకపోతే ఊహించకుండా అడగాలని వివరణలో స్పష్టంగా రాస్తాను.

సీఎంఆర్ టూల్‌లో బియ్యం రకం విషయంలోనూ ఇదే పట్టుదల అవసరం. క్వింటాలు ధాన్యానికి పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు అప్పగించాలి. రకం చెప్పకుండా బాకీ అడిగితే ఏజెంట్ ఏదో ఒకటి ఎంచుకుంటుంది, వంద క్వింటాళ్లకు ఒక క్వింటాలు తేడా వస్తుంది, వేల క్వింటాళ్ల మిల్లుకు అది చిన్న మాట కాదు.

జిల్లా పేరును కూడా తేలికగా తీసుకోవద్దు. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్వ్యవస్థీకరణలో పాత నల్లగొండ ప్రధానంగా నల్లగొండ, సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలైంది. మా పాత మహబూబ్‌నగర్ నుంచి నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల వేరయ్యాయి, 2019లో నారాయణపేట కూడా విడిపోయింది. ప్రజలు మాత్రం ఇప్పటికీ ఉమ్మడి జిల్లా లెక్కనే మాట్లాడుతుంటారు. కోదాడ నుంచి అడిగే మనిషి "మన నల్లగొండ జిల్లాలో ఎంత ధాన్యం వచ్చింది" అంటే అతని మనసులో సూర్యాపేట కూడా ఉండవచ్చు. "ఈ టూల్ ప్రస్తుత జిల్లా సరిహద్దుల ప్రకారం లెక్క ఇస్తుంది, ఉమ్మడి జిల్లా కావాలంటే కొత్త జిల్లాలను ఒక్కొక్కటిగా పిలిచి కలపాలి, ఏది కావాలో తెలియకపోతే అడగాలి" అని రాస్తే ఆ ప్రశ్నకు సరైన దారి దొరుకుతుంది.

ఇప్పుడు తప్పు టూల్‌ను పిలవడం గురించి. దీనికి ప్రధాన కారణం ఒకదానితో ఒకటి కలిసిపోయే టూళ్లు. "రైతు వివరాలు", "రైతు వెతుకు", "రైతు సమాచారం" అని మూడు టూళ్లు ఉండి, ఒక్కొక్కదాని వివరణ "రైతు సమాచారాన్ని ఇస్తుంది" అని ఉంటే, మనిషైనా వాటిలోంచి సరైనదాన్ని ఎంచుకోలేడు. వీలైతే మూడింటినీ ఒక్కటి చేయండి. వీలుకాకపోతే ప్రతి వివరణలో దాని పొరుగు టూల్ పేరును చెప్పి, హద్దు గీయండి. ఏపీఐల కోసం ఓపెన్‌ఏపీఐ ఫైలు (ఏపీఐలన్నింటినీ యంత్రం చదివేలా వివరించిన ఫైలు) ఉందని, దాన్నుంచి యంత్రంతో టూళ్లన్నీ తయారుచేయడం చాలాచోట్ల చూస్తున్నాను. మొదలుపెట్టడానికి అది పనికివస్తుంది, కానీ ఏపీఐ ఒక ప్రోగ్రామర్ సౌకర్యం కోసం విడగొట్టినది, ఏజెంట్‌కు కావలసినది యజమాని అడిగే పనుల లెక్కన విడగొట్టిన టూళ్లు. ఒక మామూలు ప్రశ్నకు అయిదు ఏపీఐలను వరుసగా పిలవాల్సి వస్తుంటే, ఆ అయిదింటి పనీ చేసే ఒక్క టూల్‌ను రాయడం మేలు.

ఒక ఉదాహరణ ఇస్తాను. మీ టూల్ వివరణ ప్రస్తుతం "ధాన్యం రాక వివరాలు ఇస్తుంది" అని ఉందనుకుందాం. దాన్ని నేను ఇలా రాస్తాను (ట్రక్ షీట్ అంటే కొనుగోలు కేంద్రం నుంచి లారీతో వచ్చే సరుకు పత్రం, తరుగు అంటే తూకంలో తగ్గించే బరువు):

"ఒక సీజనులో కొనుగోలు కేంద్రాల నుంచి ఈ మిల్లుకు చేరిన ధాన్యాన్ని ట్రక్ షీట్ వారీగా చూపిస్తుంది. ఎంత ధాన్యం వచ్చింది, ఏ కేంద్రం నుంచి వచ్చింది, తరుగు ఎంత పోయింది అన్న ప్రశ్నలకు వాడండి. రైతుకు డబ్బు పడిందా అన్న ప్రశ్నకు దీన్ని వాడకండి, దానికి చెల్లింపు స్థితి టూల్ ఉంది. సీజను తప్పనిసరి, తెలియకపోతే అడగండి. బరువులన్నీ క్వింటాళ్లలో వస్తాయి, తరుగు తీసేసిన తరువాతి బరువు నికర బరువు అన్న గడిలో ఉంటుంది. ఒకసారికి 50 ట్రక్ షీట్లే వస్తాయి, ఇంకా ఉంటే తరువాతి పేజీ గుర్తు వస్తుంది, మొత్తం చెప్పే ముందు అన్ని పేజీలూ తెప్పించండి. ఇంకా దిగుమతి కాని లారీలు ఇందులో కనిపించవు."

ఇందులో చివరి రెండు వాక్యాలను గమనించండి. మొదటి 50 వరుసలనే కూడి, అదే మొత్తమని చెప్పడం ఏజెంట్లలో నేను తరచుగా చూసే పొరపాటు. "ఇందులో ఏం కనిపించదు" అన్న వాక్యం విలువను కూడా చాలామంది గుర్తించరు. 1971 నవంబరులో వచ్చిన తొలి యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టం మాన్యువల్‌లోనే ఒక్కో కమాండు కింద దాని లోపాలను చెప్పే భాగం ఉండేది. తమ ప్రోగ్రాం ఏం చేయలేదో తామే రాసిపెట్టిన ఆ నిజాయితీ నాకు ఎంతో ఇష్టం, ఏజెంట్ల కాలంలో దాని అవసరం మరింత పెరిగింది.

తప్పు జరిగినప్పుడు వచ్చే సందేశం కూడా డాక్యుమెంటేషనే. "చెల్లని ఇన్‌పుట్" అని మాత్రమే వస్తే ఏజెంట్ అదే విలువను కొంచెం మార్చి మళ్లీ మళ్లీ పంపుతుంది. "సీజను విలువ యాసంగి 2025 గుర్తించలేదు, 2024-25 యాసంగి అన్న రూపంలో ఇవ్వండి" అని వస్తే మరుసటి ప్రయత్నంలోనే సరిచేసుకుంటుంది. ఎంసీపీలో టూల్ లోపల జరిగిన వైఫల్యాన్ని ఫలితంలోనే పొరపాటు గుర్తుతో పంపే ఏర్పాటు ఉంది, అలా పంపితేనే మోడల్ దాన్ని చదివి సర్దుకోగలుగుతుంది. ఫలితం ఏమీ దొరకకపోవడం, అనుమతి లేకపోవడం, సర్వరు పలకకపోవడం మూడు వేర్వేరు సంగతులు. మూడింటికీ ఖాళీ జాబితాయే తిరిగి పంపితే ఏజెంట్ యజమానితో "ఈ రైతు ధాన్యం ఇవ్వలేదు" అని చెప్పేస్తుంది.

చెల్లింపులు, ఎస్సెమ్మెస్‌లు పంపే టూళ్ల విషయంలో ఇంకొంత జాగ్రత్త కావాలి. టూల్ ఏం చేస్తుందో చెప్పడంతో పాటు, అది చేసిన పనిని వెనక్కి తీసుకోగలమా, రెండుసార్లు పిలిస్తే రెండుసార్లు జరుగుతుందా అన్నవి రాయాలి. జవాబు రాకముందే కనెక్షన్ తెగిపోతే, మళ్లీ పిలవకుండా ముందు చెల్లింపు స్థితిని చూడమని వివరణలో ఉండాలి. ఎంసీపీలో చదవడానికి మాత్రమే, నష్టం కలిగించగలది, రెండుసార్లు పిలిచినా తేడా రానిది అని తెలిపే సూచనలను టూల్‌కు జతచేయవచ్చు, అవి తప్పక పెట్టండి. అయితే అవి సూచనలే, కాపలా పని వాటితో జరగదు. యజమాని ఒప్పుకోలు లేకుండా డబ్బు కదలకూడదన్న నియమం కోడ్‌లో ఉండాలి, వివరణలో రాసి ఊరుకోకూడదు. ఒకే చెల్లింపు రెండుసార్లు పోకుండా ఆపే గుర్తింపు సంఖ్య తనిఖీ కూడా సర్వరు వైపే ఉండాలి. మరొక సంగతి: మీ రిమార్కుల గడిలో ఎవరో గుమాస్తా "ఈయనకు ముందు చెల్లించండి" అని రాసి ఉంటే, ఏజెంట్ దాన్ని ఆదేశంగా తీసుకునే ప్రమాదం ఉంది. ఆ గడిలో ఉన్నది మనుషులు స్వేచ్ఛగా రాసుకున్న సమాచారమేనని, దాన్ని ఆదేశంగా పాటించకూడదని టూల్ వివరణలో చెప్పండి, కోడ్‌లో ఉన్న ఒప్పుకోలు నియమం దానికి రెండో అడ్డుగా నిలుస్తుంది.

నిడివి ఎంత ఉండాలన్న సందేహం సహజంగా వస్తుంది. టూళ్ల వివరణలన్నీ సాధారణంగా ప్రతి సంభాషణలోనూ మోడల్ ముందుకు వెళ్తాయి, చోటు తీసుకుంటాయి, ఖర్చవుతాయి. నేను పాటించే పద్ధతి ఏమిటంటే, ఒక వాక్యాన్ని తీసేస్తే ఏజెంట్ నిర్ణయం మారుతుందా అని ఆలోచిస్తాను, మారకపోతే తీసేస్తాను. "ఈ శక్తిమంతమైన టూల్ మీ వ్యాపారానికి..." వంటి ప్రచార వాక్యాలు మొదటి చదువులోనే పోతాయి. తెలుగు వాక్యం సాధారణంగా అదే అర్థమున్న ఇంగ్లీషు వాక్యం కంటే ఎక్కువ టోకెన్లు (మోడల్ పాఠాన్ని విడగొట్టి చదివే ముక్కలు) తీసుకుంటుంది, అందుకని వివరణను ఇంగ్లీషులో రాసి, యజమానులు నోటితో పలికే కాటా, తరుగు, హమాలీ, ట్రక్ షీట్ వంటి మాటలను తెలుగు లిపిలోనే అందులో చేర్చమని నా సలహా. ప్రశ్న తెలుగులో వచ్చినప్పుడు ఆ మాటలను చూసి ఏజెంట్ సరైన టూల్‌ను పట్టుకుంటుంది.

మారుతూ ఉండే విషయాలను వివరణలో పెట్టకండి. గ్రేడ్ ఎ ధాన్యం మద్దతు ధర క్వింటాలుకు 2024-25లో 2,320 రూపాయలు, 2025-26లో 2,389 రూపాయలు. ఇటువంటి అంకెను వివరణలో రాస్తే మరుసటి ఏడాది అది అబద్ధమవుతుంది, చదివే ఏజెంట్‌కు అది పాతదని అనుమానమూ రాదు. ధరను టూల్ ఫలితంగా, ఏ సీజనుకు వర్తిస్తుందో కలిపి తిరిగి ఇవ్వండి. 2025లో తెలంగాణ భూరికార్డుల పోర్టల్ ధరణి స్థానంలో భూభారతి వచ్చినప్పుడు పాత పోర్టల్ పేరుతో ఉన్న వివరణలను ఎక్కడెక్కడో వెతికి మార్చవలసి వచ్చింది. అప్పటి నుంచి వివరణలను కోడ్‌తో పాటే ఒకే చోట ఉంచి, కోడ్ మారినప్పుడల్లా వివరణ కూడా మారిందా అని సమీక్షలో అడగడం అలవాటు చేశాం.

పరీక్ష ఎలా చేయాలన్నది మీరు అడగలేదు గానీ, అది లేకుండా ఈ పని పూర్తి కాదు. మీ యజమానులు నిజంగా అడిగిన ప్రశ్నలను, వారి మాటల్లోనే, అక్షరదోషాలు కూడా దిద్దకుండా సేకరించండి. పేర్లు, ఖాతా నంబర్లు తీసేయండి. ఒక్కొక్క ప్రశ్నకు ఏ టూల్, ఏ విలువలతో పిలవాలో మీరే రాసిపెట్టుకోండి. తరువాత ఏజెంట్‌ను నడిపి, చివరి జవాబు ఒక్కటే కాకుండా అది పిలిచిన టూళ్ల వరుసను చదవండి. సరైన జవాబు తప్పు దారిలోనూ రావచ్చు, ఆ దారి రేపు మరో ప్రశ్నకు తప్పుదోవ పట్టిస్తుంది. ఒకసారికి ఒక్క వివరణనే మార్చి మళ్లీ నడపండి, లేకపోతే ఏ మార్పు వల్ల మెరుగైందో తెలియదు. కొన్ని ప్రశ్నలను చివరి వరకు పక్కన పెట్టి ఉంచండి, ఎందుకంటే చూసిన ప్రశ్నలకే అనువుగా వివరణలు రాసేసుకోవడం తెలియకుండానే జరుగుతుంది. ఏజెంట్ నడపడానికి ముందే చేయగల పరీక్ష ఒకటుంది: సాఫ్ట్‌వేర్ గురించి ఏమీ తెలియని మనిషికి టూళ్ల పేర్లు, వివరణలు మాత్రమే ఇచ్చి, ఒక్కో ప్రశ్నకు ఏది ఎంచుకుంటారో అడగండి. వారు తడబడిన చోట ఏజెంట్ కూడా తడబడే అవకాశం ఎక్కువ.

మీ టూళ్లన్నింటినీ ఒకేసారి తిరగరాయడానికి కూర్చోవద్దు. తూకం, సీఎంఆర్ బాకీ, చెల్లింపు ఈ మూడింటిని తాకే టూళ్లతో మొదలుపెట్టండి, కొలమానాలను, సీజనును స్కీమాలో బిగించండి, చెల్లింపు టూల్‌ను ఆ పని ముగిసేవరకు ఏజెంట్ చేతికి ఇవ్వకుండా ఆపి ఉంచండి. ఒకదానితో ఒకటి కలిసిపోయే టూళ్లుంటే వాటిని ఒక్కటి చేయడం ఆ తరువాత చూసుకోవచ్చు. తిరగరాసిన వివరణల్లో రెండు మూడింటిని ఇక్కడ పెడితే, ప్రతి వాక్యాన్ని చూసి నా అభిప్రాయం చెబుతాను.